కంచు రింగు, చిన్న పిడి: బ్రౌనింగ్ ఆటో-5 కథ

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్ళు భయం లేకుండా ముందుకి రావచ్చు, నేను తుపాకీ తేలేదు. (నవ్వులు) తెచ్చినవి ఇవీ: ఒక సన్న పీవీసీ పైపు, పాత మోపెడ్ స్ప్రింగు, ఒక కడియం. కడియం మా ఆవిడది. సాయంత్రానికల్లా తిరిగి ఇస్తానని మాటిచ్చి తెచ్చాను, కాబట్టి కాస్త జాగ్రత్త.

నేను వేటగాణ్ణి కాను. ముప్పై ఏళ్ళు పాలిటెక్నిక్ వర్క్‌షాపులో లేతు పక్కన నిలబడి పాఠాలు చెప్పినవాణ్ణి. ఒక్క పిట్టని కొట్టలేదు, కొట్టాలన్న కోరికా లేదు. కానీ ఏ మెషీన్ కనిపించినా మూత తీసి లోపల ఏముందో చూడాలనిపించే రోగం ఉంది నాకు. ఇవాళ్టి ప్రసంగం ఆ రోగం వల్ల వచ్చిందే.

మీలో చాలామంది దగ్గర నుంచి చూసిన తుపాకీ ఏది? బ్యాంకు గుమ్మంలో స్టూలు మీద కూర్చునే గార్డు భుజాన ఉండేది. రెండు గొట్టాలు, పన్నెండు బోరు. ఈ పన్నెండు ఏంటని ఎప్పుడైనా అడిగారా? ఒక పౌను సీసాన్ని కరిగించి పన్నెండు సమానమైన గుళ్ళు చేస్తే, అందులో ఒక్క గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి వ్యాసం అంత. 18.5 మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ. అదే పౌనుని పదహారు చేస్తే గుండు చిన్నదవుతుంది కాబట్టి పదహారు బోరు గొట్టం సన్నం. అంకె పెరిగితే తుపాకీ చిక్కుతుందన్నమాట. ఈ గొట్టంలోంచి మామూలుగా వెళ్ళేది ఒక్క గుండు కాదు, గుప్పెడు సీసపు రవ్వలు. ఎగిరే పక్షిని ఒక్క గుండుతో కొట్టడం కష్టం గనక చల్లినట్టు కొడతారు. దాన్నే షాట్‌గన్ అంటారు.

గార్డు తుపాకీలో రెండు తూటాలు. రెండూ పేలాక తుపాకీని మధ్యలో విరిచి, ఖాళీవి తీసి, కొత్తవి పెట్టాలి. ఆ పనంతా తుపాకీయే చేసుకుంటే ఎలా ఉంటుందన్నదే నేను చెప్పబోయే కథ. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే పేలుతుంది, కానీ ఖాళీ తూటా దానంతటదే బయటికి ఎగురుతుంది, కొత్తది దానంతటదే లోపలికి వచ్చి కూర్చుంటుంది. సెమీ ఆటోమేటిక్ అంటే ఇదే. షాట్‌గన్లలో ఈ పని నమ్మకంగా చేసి, లక్షల్లో అమ్ముడుపోయిన మొదటిది బ్రౌనింగ్ ఆటో-5. తూటాలు వరసగా నిలవుండే మ్యాగజైన్‌లో నాలుగు, పేలే గొట్టంలో ఒకటి, మొత్తం అయిదు. పేరు అలా వచ్చింది.

మూడేళ్ళ కిందట మా అబ్బాయి దగ్గరికి టెక్సస్ వెళ్ళాను. అమెరికా వెళ్ళిన మన తల్లిదండ్రుల సంగతి మీకు తెలుసు కదా. పొద్దున పిల్లలు ఆఫీసుకి పోతే సాయంత్రం దాకా గోడలు లెక్కపెట్టుకోవాలి. పక్కింటి పెద్దాయనకి కూడా నా వయసే, పని లేదు. ఆయన గరాజ్ తలుపు ఎప్పుడూ ఎత్తే ఉండేది. ఒకరోజు అటు తొంగి చూస్తే బల్ల మీద పాత తువ్వాలు పరిచి, దాని మీద ఒక తుపాకీని ముక్కలు ముక్కలుగా విప్పి పెట్టుకున్నాడు. వాళ్ళ తాతగారిదట. నా కళ్ళు గొట్టం మీదకీ ట్రిగ్గర్ మీదకీ పోలేదు, ఎడమ చేత్తో పట్టుకునే ముందు చెక్క మీద పడ్డాయి. చివర నుంచి బెత్తెడు పొడుగున చీలింది. జిగురు పెట్టి అతికించిన గుర్తు కూడా ఉంది. కింద పడిందా అని అడిగా. ఆయన నవ్వి, “లేదు, మా నాన్న రింగు తప్పు పెట్టాడు” అన్నాడు.

రింగు తప్పు పెడితే చెక్క చీలడమేంటి? అంతే, ఆ మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది.

ఆ రింగు సంగతి తెలియాలంటే ముందు 1890ల నాటి తూటా ఎలా ఉండేదో తెలియాలి. ఇప్పట్లా ప్లాస్టిక్ కాదు. గట్టి కాగితాన్ని చుట్టి చేసిన గొట్టం, అడుగున ఇత్తడి టోపీ. మన చిచ్చుబుడ్డి లాంటిదే అనుకోండి. చిచ్చుబుడ్డి చెమ్మగిల్లితే ఏమవుతుందో దీపావళి నాడు వాన పడిన ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాం. కాగితం తూటా తడిస్తే ఉబ్బుతుంది, గొట్టంలో ఇరుక్కుంటుంది. బాతుల వేట ఎక్కడ జరుగుతుంది? చెరువుల్లో, బురదలో, మంచులో. పైగా అది పొగ కక్కే నల్ల తుపాకీమందు పోయి పొగరాని తుపాకీమందు వస్తున్న కాలం, రెండు రకాల తూటాలూ బజార్లో దొరికేవి. ఒకడు పిట్టల కోసం తేలికపాటివి కొంటాడు, ఇంకొకడు బాతుల కోసం బరువైనవి కొంటాడు. తేలిక తూటా మెత్తగా తంతుంది, బరువు తూటా భుజం కమిలేలా తంతుంది.

చేత్తో నడిచే తుపాకీకి ఈ తేడాతో పనిలేదు, మనిషి చెయ్యి సర్దుకుంటుంది. కానీ ఆ తన్నుతోనే నడవాల్సిన మెషీన్‌కి? తేలిక తూటాకి సరిపడా తయారు చేస్తే బరువుదానికి పగిలిపోతుంది. బరువుదానికి సరిపడా చేస్తే తేలికదానికి సగంలో ఆగిపోతుంది. రైఫిల్‌కీ పిస్తోలుకీ ఈ తలనొప్పి ఇంతగా లేదు, వాటి తూటాలన్నీ దాదాపు ఒకే కొలత, ఒకే బలం. అందుకే ఆటోమేటిక్ షాట్‌గన్ అన్నిటికన్నా కష్టమైన లెక్క.

ఆ లెక్క చేసినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగ్. 1855లో అమెరికాలోని యూటా ప్రాంతంలో ఆగ్డెన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి తుపాకులు బాగుచేసేవాడు, కొలిమి పక్కనే పెరిగాడు. మన భాషలో చెప్పాలంటే కులవిద్య. ఇంజనీరింగ్ కాలేజీ గుమ్మం తొక్కలేదు. డ్రాయింగులు గీసుకుని పని మొదలుపెట్టే అలవాటు కూడా తక్కువే, ఇనుములోనే ఆలోచించేవాడు. చనిపోయేనాటికి ఆయన పేరు మీద 128 పేటెంట్లు ఉన్నాయి. నా విద్యార్థులకి ఒక్క డ్రాయింగు సరిగా గీయమని ముప్పై ఏళ్ళు ప్రాధేయపడ్డాను, ఆయన సంగతి క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. (నవ్వులు)

1889 ప్రాంతంలో ఒక చిన్న ఘటన. ఆగ్డెన్ దగ్గర స్నేహితులు గురిపందెం ఆడుతున్నారు. ఎవడో కాలిస్తే గొట్టం మూతి ముందున్న గడ్డి పక్కకి వంగింది. గొట్టంలోంచి తన్నుకొచ్చే గాలి గడ్డిని వంచుతుందని తుపాకీ పట్టిన ప్రతివాడికీ తెలుసు. బ్రౌనింగ్ మాత్రం ఇంత బలం ఊరికే పోతోందేంటి అనుకున్నాడు. వేరుశనగలు తింటూ తొక్కలు పారేసేవాళ్ళని చూసి, తొక్కలు పొయ్యిలోకి పనికొస్తాయి కదా అనే ముసలమ్మ లాంటి బుర్ర అది. ఆ గాలి బలంతో నడిచే మెషీన్‌గన్ 1895లో కోల్ట్ కంపెనీ పేరుతో వచ్చింది. కానీ 1898 నాటికి షాట్‌గన్ దగ్గరికి వచ్చేసరికి గాలిని వదిలేశాడు, తన్నుని పట్టుకున్నాడు.

ఇప్పుడిది చూడండి. తుపాకీ పేలగానే తూటా వెనక్కి తంతుంది. తూటా వెనక తలుపులా అడ్డం ఉండేది బోల్టు. బోల్టూ గొట్టమూ ఒకదానికొకటి గొళ్ళెం పడి ఉంటాయి. ఆటో-5లో తన్ను తగలగానే ఈ రెండూ కలిసి వెనక్కి వస్తాయి. అవును, గొట్టం కూడా. అంత బరువైన గొట్టం తూటా పొడుగు కన్నా కాస్త ఎక్కువ దూరం వెనక్కి జారుతుంది. అది చివరికి చేరాక బోల్టు అక్కడే కొక్కేనికి చిక్కి ఆగిపోతుంది, గొళ్ళెం ఊడుతుంది, గొట్టం ఒక్కటే స్ప్రింగు తోసిన తోపుకి ముందుకి పోతుంది.

అసలు తమాషా ఇక్కడే ఉంది. ఖాళీ తూటా బోల్టు కొక్కేనికి తగులుకుని వెనకే ఉండిపోయింది, గొట్టం ముందుకి పోయింది. అంటే గొట్టంలోంచి తూటాని లాగలేదు, తూటా మీంచి గొట్టాన్నే లాగేశారు. ఒరలోంచి కత్తి దూయడం అందరికీ తెలుసు, ఈయన కత్తిని కదలకుండా పట్టుకుని ఒరని లాగేశాడు. అప్పటికే లోపల ఒత్తిడి పూర్తిగా పడిపోయి ఉంటుంది కాబట్టి ఉబ్బిన కాగితం తూటా కూడా చిరక్కుండా ఊడి వస్తుంది. గొట్టం తప్పుకోగానే ఖాళీది కుడివైపుకి ఎగిరిపోతుంది. మ్యాగజైన్‌లోంచి కొత్త తూటా కిందనున్న పలక మీదకి వస్తుంది, పలక పైకి లేస్తుంది, భుజానికి ఆనించే వెనక కట్టెలో ఉన్న రెండో స్ప్రింగు బోల్టుని ముందుకి తోస్తుంది, తలుపు మూసుకుంటుంది. ఇదంతా రెప్పపాటులో. కాల్చేవాళ్ళు మాత్రం భుజానికి రెండుసార్లు తెలుస్తుందని అంటారు, వెనక్కి వచ్చేటప్పుడు ఒక తన్ను, ముందుకి పోయేటప్పుడు ఒక ఊపు. పెద్దాయన దాన్ని గుర్రం మీద కూర్చున్నట్టు అన్నాడు. నాకు ఎడ్లబండి గుర్తొచ్చింది.

ఇక రింగు. ఎవరైనా ఒకరు వచ్చి ఈ పైపు పట్టుకోండి. రా అమ్మా, నువ్వు రా. ఈ పైపు మ్యాగజైన్ గొట్టం అనుకుందాం, ముందు చెక్క లోపల ఉంటుంది. దీని మీద స్ప్రింగు తొడిగాం. స్ప్రింగు మీద కడియం. మా ఆవిడ కడియానికి ఇక్కడ నోరుంది చూశారా, అసలు ఆ నోరు కోసమే ఇది తెచ్చాను. బ్రౌనింగ్ పెట్టింది కూడా ఇలాంటి నోరున్న కంచు కడియమే. పైన నా పిడికిలి, అది గొట్టం. గొట్టం అడుగున ఒక ఉంగరం ఉండి, ఈ మ్యాగజైన్ మీద జారుతుంటుంది. తన్ను తగిలినప్పుడు అది కడియాన్ని నెడుతుంది, కడియం స్ప్రింగుని నెడుతుంది. నెట్టు అమ్మా. జారింది కదా?

ఇప్పుడు కడియాన్ని రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని నెట్టు. ఆగిపోతోంది. సైకిలు బ్రేకు ముక్క చక్రాన్ని పట్టినట్టు కంచు పైపుని పట్టింది. తుపాకీలో వేళ్ళు ఉండవు, వాటికి బదులు ఏటవాలు అంచులు ఉంటాయి. గొట్టం ఉంగరానికి లోపలి వైపు ఒక ఏటవాలు, అది ఎప్పుడూ ఉంటుంది. రెండోది విడిగా వచ్చే ఉక్కు రింగు, దానికీ ఒకవైపు ఏటవాలు. బరువు తూటాలు వేస్తున్నావా? ఉక్కు రింగుని కంచుకీ స్ప్రింగుకీ మధ్య పెట్టు, ఏటవాలు కంచు వైపు. అప్పుడు కంచు కడియం రెండు వైపులా నొక్కుడు పడి గట్టిగా బిగుసుకుంటుంది, బ్రేకు బాగా పడుతుంది. తేలిక తూటాలు వేస్తున్నావా? ఉక్కు రింగుని అక్కణ్ణుంచి తీసి స్ప్రింగు వెనక, అడుగున పెట్టెయ్. దాని పని ఆగింది, బ్రేకు సగమైంది, తేలిక తన్నుకి కూడా గొట్టం చివరిదాకా వస్తుంది. రింగు పారేయాల్సిన పని లేదు, జేబులో పెట్టుకుని పారేసుకోవాల్సిన పనీ లేదు. తుపాకీలోనే దానికి రెండు ఇళ్ళు.

మొరటు ఏర్పాటు అనుకుంటాం గానీ, ఒక్క నూనె చుక్కతో కూడా మారుతుంది. మ్యాగజైన్ గొట్టం పొడిగా ఉంటే బ్రేకు గట్టి, పల్చగా నూనె రాస్తే మెత్తన, నూనె కారుతుంటే అసలు పట్టదు. సైకిలు రిమ్ముకి నూనె రాసి బ్రేకు వేసినవాడికి ఇది చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ చీలిక అర్థమైంది కదా. పెద్దాయన నాన్నగారు ఎండాకాలం గాల్లోకి విసిరిన మట్టి పళ్ళేలు కొట్టే పందేల కోసం రింగుని తేలిక చోటులో పెట్టాడు. చలికాలం వచ్చింది, బాతుల కోసం బరువు తూటాలు వేశాడు, రింగు మార్చడం మర్చిపోయాడు. బ్రేకు లేని గొట్టం గుద్దిన ప్రతి గుద్దూ చెక్కకి తగిలింది. పాత ఆటో-5లలో ముందు చెక్క చీలడం చాలా మామూలు జబ్బు. ఒక గరాజ్‌లో నేను చూసిన ఈ చీలికనే ఆ తుపాకులు బాగుచేసేవాళ్ళు కొన్ని వందలు చూసుంటారు. మెషీన్ తప్పు ఒక్కటీ లేదు అందులో. మా వర్క్‌షాపులో కూడా ఇంతే, మెషీన్లు చెడిపోయాయని రాసిన ఫిర్యాదుల్లో సగం మనిషి మర్చిపోయినవే. ఒకసారి నేనే లేతు చక్‌లో తాళంచెవి వదిలేసి స్విచ్ వేశాను. అది ఎగిరి గోడకి తగిలింది. అప్పుడు వయసు ఇరవై నాలుగు, ఆ సొట్ట నేను రిటైరయ్యేదాకా గోడ మీద అలాగే ఉంది.

బయటి రూపం గురించి ఒక్క మాట. బోల్టు నేరుగా వెనక్కి రావాలి కాబట్టి అది ఉండే ఇనుప పెట్టె ఎత్తు చివరిదాకా తగ్గలేదు, ఒక్కసారిగా నిటారుగా కిందికి దిగి కట్టెలో కలుస్తుంది. పక్క నుంచి చూస్తే మూపురం. వాళ్ళ భాషలో కూడా గూని తుపాకీ అనే పిలిచేవాళ్ళు. ఒంగోలు గిత్తని ఎరిగిన మనకి మూపురం అందమే గానీ, అప్పటి అమెరికన్ వేటగాళ్ళకి మొదట్లో ఇది వికారంగా కనిపించింది. తర్వాత ఆ మూపురం మీంచి చూస్తే చూపు నేరుగా గొట్టం చివరికి పోతోందని కనిపెట్టి, అదే బాగుందన్నారు. అలవాటైతే వేపాకు కూడా తీపి.

సరే, తుపాకీ తయారైంది. 1900 అక్టోబరు 9న పేటెంటు వచ్చింది. ఇక అమ్మాలి.

బ్రౌనింగ్‌కి పాత బేరగాడు వించెస్టర్ కంపెనీ. 1883లో ఆ కంపెనీ పెద్ద టి. జి. బెనెట్ రైల్లో ఆగ్డెన్ దాకా వచ్చి, ఆయన మొదటి రైఫిల్‌ని 8,000 డాలర్లకి కొన్నాడు. అప్పటి నుంచి పద్ధతి అదే. డిజైన్‌కి ఇంత అని ఒక్క మొత్తం, అక్కడితో చెల్లు. తర్వాత ఎన్ని లక్షలు అమ్ముకున్నా బ్రౌనింగ్‌కి పైసా రాదు. కొన్ని డిజైన్లయితే కొని బీరువాలో పెట్టేసేవాళ్ళు, ఇంకొకరి చేతికి పోకుండా. ఇరవై ఏళ్ళు ఇలా నడిచింది. ఆటో-5 దగ్గర మాత్రం బ్రౌనింగ్ అడ్డం తిరిగాడు. ఈసారి మొత్తం వద్దు, అమ్మిన ప్రతి తుపాకీ మీద నాకింత రావాలి అన్నాడు.

బెనెట్ అవునూ అనలేదు, కాదూ అనలేదు. నెలలు గడిచాయి. ఆయన ఇబ్బంది ఊహించుకోవచ్చు. వించెస్టర్ 1897 పంపు షాట్‌గన్, అంటే ముందు చెక్కని చేత్తో వెనక్కీ ముందుకీ లాగి తూటా మార్చేది, జోరుగా అమ్ముడుపోతోంది, అది కూడా బ్రౌనింగ్ చేసిందే. నడుస్తున్న కొట్టు పక్కనే తన డబ్బుతో ఇంకో కొట్టు ఎందుకు పెట్టాలి? పైగా రాయల్టీ ఒక్కసారి ఒప్పుకుంటే రేపు ప్రతివాడూ అదే అడుగుతాడు. 1902 మొదట్లో ఇద్దరికీ మాటలు చెడ్డాయి, బ్రౌనింగ్ తుపాకీ తీసుకుని లేచి వచ్చేశాడు.

అక్కణ్ణుంచి రెమింగ్టన్ దగ్గరికి వెళ్ళాడు. అధ్యక్షుడు మార్సెలస్ హార్ట్‌లీని కలవాలి. 1902 జనవరి 8. అపాయింట్‌మెంట్ ఉంది, ఆఫీసులో బయట కూర్చున్నాడు. చేతిలో తుపాకీ, మనసులో బేరం. చాలాసేపటికి ఒకతను వచ్చి, హార్ట్‌లీ గారు ఇంతకు ముందే గుండె ఆగి చనిపోయారని చెప్పాడు. తిరుపతి దాకా వెళ్ళి దర్శనం లైన్లో ఉండగా తలుపులు మూసినట్టు. పాపం, ఆ తుపాకీని మళ్ళీ పెట్టెలో సర్దుకుంటున్నప్పుడు ఆయన ఏమనుకుని ఉంటాడో అని నేను చాలాసార్లు ఆలోచించాను.

ఎక్కువ రోజులు దిగులు పడలేదు. ఓడ ఎక్కాడు. బెల్జియంలో లియేజ్ పక్కన ఎర్‌స్టాల్ అనే ఊళ్ళో ఎఫ్‌ఎన్ అనే ఫ్యాక్టరీ ఉంది, 1889లో మౌజర్ రైఫిళ్ళు చేయడానికి పెట్టింది. బ్రౌనింగ్ పిస్తోళ్ళని వాళ్ళు అప్పటికే చేస్తున్నారు, ఆయన్ని మాత్రం ఎప్పుడూ చూడలేదు. 1902 మార్చిలో ఒప్పందం కుదిరింది, రాయల్టీతో సహా. బ్రౌనింగ్ తనే 10,000 తుపాకులకి ఆర్డరు పెట్టాడు, అమెరికా తెచ్చి అమ్ముకోవడానికి. తన సరుకు మీద అంత నమ్మకం. మీలో స్టార్టప్ పెడదామనుకునే కుర్రాళ్ళు ఉంటే ఈ ఒక్క వాక్యం రాసుకోండి, మిగతావి వదిలేసినా పర్లేదు.

అమెరికాలో పుట్టిన తుపాకీ బెల్జియంలో తయారై మళ్ళీ అమెరికాకే ఓడల్లో వచ్చింది. దిగుమతి సుంకాలు భారమయ్యాయి. దాంతో 1905లో అమెరికాలో తయారు చేసి అమ్ముకునే హక్కు ఎవరికి ఇచ్చారో చెప్పండి? రెమింగ్టన్‌కే. ఏ ఆఫీసులో దర్శనం కాలేదో ఆ ఇంటికే చేరింది. 1911లో దానికి మోడల్ 11 అని పేరు పెట్టారు. 1940లు ముగిసే లోపు 8 లక్షలకు పైగా చేశారు.

మరి వించెస్టర్? అందరూ ఆటోమేటిక్ అడుగుతున్నారు, వాళ్ళ దగ్గర లేదు. థామస్ క్రాస్లీ జాన్సన్ అనే వాళ్ళ డిజైనర్‌ని ఆ పని మీద కూర్చోబెట్టారు. పాపం జాన్సన్ ఎటు చూసినా బ్రౌనింగ్ పేటెంటే అడ్డం. ఆ పేటెంటు కాగితాలు రాయించడంలో, బేరం నడుస్తున్న రోజుల్లో, వించెస్టర్ వాళ్ళ చెయ్యి కూడా ఉందంటారు. తన వాకిట్లో తానే ముళ్ళకంచె నాటుకున్నట్టయింది. దాన్ని తప్పించుకోవడానికి దాదాపు పదేళ్ళు పట్టింది.

కంచెలో ఒక చిన్న ముల్లు గురించి చెప్పాలి. ఆటో-5లో మొదటి తూటా లోపలికి పోవాలంటే బోల్టుని చేత్తో వెనక్కి లాగాలి. దానికి బోల్టు పక్కన చిటికెన వేలంత పిడి ఉంటుంది. అంతే. ఆ పిడి పేటెంటులో ఉంది. బోల్టుకి పిడి పెట్టకుండా బోల్టుని ఎలా లాగాలి? జాన్సన్ ఆలోచించాడు. గొట్టం వెనక్కి వస్తే బోల్టు కూడా వస్తుంది కదా, అయితే గొట్టాన్నే లాగితే సరి. 1911లో వచ్చిన వించెస్టర్ ఎస్‌ఎల్ తుపాకీకి గొట్టం మీద ఒక చోట గరుకుగా చేశారు, పట్టు దొరకడానికి. గొట్టాన్ని చేత్తో పట్టుకుని వెనక్కి నెట్టాలి.

కాగితం మీద బాగానే ఉంది. ఇప్పుడు వానలో తడిసిన బాతుల వేటగాణ్ణి ఊహించుకోండి. కాగితం తూటా ఉబ్బి లోపల ఇరుక్కుంది. పేలిందో లేదో కూడా తెలీదు. గొట్టం లాగుతాడు, రాదు. చేతులు జారుతున్నాయి. ఏం చేస్తాడు? తుపాకీ కట్టెని నేలకి ఆనించి, రెండు చేతులతో గొట్టాన్ని పట్టుకుని, రోట్లో రోకలిలా బలమంతా పెట్టి కిందికి తొక్కుతాడు. అప్పుడు గొట్టం మూతి ఎక్కడుంది? వాడి మొహం కింద.

(కాసేపు నిశ్శబ్దం)

అలా ప్రాణాలు పోయాయి. ఆ తుపాకీకి విధవల్ని చేసేది అని పేరు పడింది. 80 వేల పైచిలుకు చేసి 1925లో ఆపేశారు. జాన్సన్ చేతకానివాడేమీ కాదు, ఆ కాలంలో మంచి డిజైనర్లలో ఒకడు. చిటికెన వేలంత పిడి ఒక్కటి వాడుకునే హక్కు లేకపోవడంతో తుపాకీ మొత్తం తలకిందులైంది. రాయల్టీ ఇచ్చి ఉంటే ఎంతయ్యేదో బెనెట్ ఆ తర్వాత ఎప్పుడైనా లెక్క వేసుకున్నాడో లేదో.

తుపాకీని ఇంతగా పొగుడుతున్నాను గనక పక్షుల మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. అయిదు తూటాలు గబగబా పేల్చగల తుపాకీ వస్తోందంటే అడవుల్ని ప్రేమించేవాళ్ళకి భయం పుట్టింది. అప్పటికే అమెరికాలో పక్షుల్ని బళ్ళ కొద్దీ చంపి బజార్లో అమ్మేవాళ్ళు. ఆకాశాన్ని కమ్మేసే ప్యాసింజర్ పావురాలు ఈ తుపాకీ రాకముందే అడవిలో దాదాపు అయిపోయాయి, ఆ పాపం దీనిది కాదు. ఆఖరి పావురం 1914లో సిన్సినాటి జూలో చనిపోయింది. న్యూయార్క్ జూ పార్కు డైరెక్టర్ విలియం హోర్నడే ఈ ఆటోమేటిక్ తుపాకుల మీద యుద్ధమే చేశాడు. పెన్సిల్వేనియా రాష్ట్రం 1907లోనే వేటలో వీటిని నిషేధించింది. 1935లో అమెరికా ప్రభుత్వం వలస పక్షుల వేటలో మూడుకి మించి తూటాలు ఉండకూడదంది. అప్పుడేం చేశారు? మ్యాగజైన్ గొట్టంలో ఒక కర్ర ముక్క దోపారు. అయిదు కాస్తా మూడైంది. పెద్దాయన తుపాకీలో కూడా ఉంది ఆ కర్ర, ఎప్పటిదో, నూనె పీల్చి నల్లబడిపోయింది. నన్నడిగితే హోర్నడేకి సగం మార్కులు వేస్తాను. తుపాకీని తిట్టడం వల్ల కన్నా ఆ కర్ర ముక్క వల్ల ఎక్కువ పక్షులు బతికుంటాయి.

యుద్ధాల్లో కూడా వాడారు, దాని గురించి తొందరగా చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విమానాల్లో మెషీన్‌గన్ కాల్చే కుర్రాళ్ళకి మొదటి పాఠం రెమింగ్టన్ మోడల్ 11తోనే. కదిలే లారీ మీద నిలబెట్టి, ఎగిరే మట్టి పళ్ళేలని కొట్టమనేవాళ్ళు. ఎగిరేదాన్ని సూటిగా చూసి కొడితే తగలదు, రవ్వలు అక్కడికి చేరే లోపు అది ముందుకి పోతుంది. ఎంత ముందుకి గురి పెట్టాలో పుస్తకం చదివితే రాదు, చేతికి రావాలి. బాతుల వేటగాడి విద్యే విమానం కొట్టేవాడికీ పనికొచ్చింది. తర్వాత 1950లలో మలయా, అంటే ఇప్పటి మలేషియా అడవుల్లో బ్రిటిష్ సైనికులు బ్రౌనింగ్‌లు పట్టుకుని తిరిగారు. దట్టమైన చెట్లల్లో పది గజాల దూరంలో మనిషి ఎదురైతే రైఫిల్ కన్నా ఇదే నయమని వాళ్ళ అనుభవం. క్లైడ్ బారో లాంటి దొంగల చేతికి కూడా పోయింది ఇది. మెషీన్‌కి మంచి చెడ్డా తెలియదు కదా.

బ్రౌనింగ్ 1926 నవంబరు 26న పోయాడు. ఎక్కడో తెలుసా? ఎఫ్‌ఎన్ ఫ్యాక్టరీలో, కొడుకు వాల్ ఆఫీసు గదిలో, గుండె ఆగి. వయసు 71. ఆటో-5 మాత్రం ఆగలేదు. 1940లో జర్మన్లు బెల్జియాన్ని ఆక్రమిస్తే బ్రౌనింగ్ కంపెనీ పేరుతో రెమింగ్టన్ చేసి ఇచ్చింది. 1970ల మధ్యలో తయారీ జపాన్‌లోని మిరోకు కంపెనీకి మారింది. 1998లో ఆపేశారు. ఎఫ్‌ఎన్, మిరోకు కలిపి చేసినవే 20 లక్షలకు పైగా. 1900లో పేటెంటైన మెషీన్ దాదాపు అదే రూపంలో శతాబ్దం చివరిదాకా తయారవుతూ వచ్చింది. నా స్కూటర్ పార్టులు పదేళ్ళకే దొరకడం మానేశాయి.

ఎవరో చెయ్యి ఎత్తారు. చెప్పు బాబూ.

(ప్రశ్న: ఇప్పుడు కూడా ఏ5 అని కొత్త తుపాకీ అమ్ముతున్నారు కదండీ, ఇంటర్నెట్‌లో చూశాను.)

అవును, 2012లో తెచ్చారు. అది వేరే లెక్క. దాంట్లో గొట్టం కదలదు, బోల్టు లోపలి చిన్న గట్టి స్ప్రింగుతోనే పని జరిగిపోతుంది. కంచు కడియం లేదు, ఉక్కు రింగు లేదు, మర్చిపోవడానికేమీ లేదు. పాతదాని నుంచి మిగిలింది మూపురం ఒక్కటే. అది కూడా చూసేవాళ్ళు గుర్తుపట్టాలని ఉంచారు.

(ప్రశ్న: ఆ పెద్దాయన చీలిన చెక్క మార్చారా సార్?)

లేదమ్మా. కొత్త చెక్క దొరుకుతుందట, కానీ నాన్న చీల్చింది కాబట్టి ఉండనీ అన్నాడు. మళ్ళీ జిగురు పెట్టి, తాడు చుట్టి, రెండు రోజులు ఆరబెట్టాడు. మూడో రోజు నేను వెళ్ళేసరికి బిగిస్తున్నాడు. స్ప్రింగు తొడిగి, ఉక్కు రింగు వేసి, దాని మీద కంచు పెట్టబోతూ ఆగి నా వైపు చూశాడు. “ఇంజనీరు గారూ, ఒకసారి చూడండి.” నేను రింగుని వేలితో తడిమి చూశాను. ఏటవాలు కిందికి ఉంది. తిప్పి పెట్టాను.

కడియం ఇటివ్వమ్మా. టైమైంది.